కిలోమీటర్లు చెప్పని ప్రయాణ కాలం

రెండు నగరాల మధ్య దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, ఇదే మీ విమాన ప్రయాణ కాలం అని చెప్పే పట్టికలు ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఆ అంకెను నమ్ముకుని తర్వాతి విమానానికి టికెట్ కొనేవాళ్లున్నారు. అందుకే ఈ లెక్క మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో మార్గాన్నే చూడండి. ఎయిర్ ఇండియా మొదట ఈ విమానాన్ని పడమరకు, అట్లాంటిక్ మీదుగా నడిపింది. 2016 అక్టోబరులో తూర్పుకు, పసిఫిక్ మీదుగా మళ్లించింది. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300కు చేరినా, ప్రయాణం మాత్రం దాదాపు 2 గంటలు తగ్గి 14.5 గంటల్లో ముగిసింది. భాగహారం దగ్గర ఆగిపోయే పట్టిక ఈ తేడాను పట్టుకోలేదు.

కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల పైన, జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. న్యూయార్క్–లండన్ మధ్య దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఉందనుకుంటే, తూర్పుకు వెళ్లేటప్పుడు గాల్లో ఉండేది 5.3 గంటలు, తిరుగు ప్రయాణంలో 7.4 గంటలు. పోతూ మిగుల్చుకున్నది వస్తూ పోగొట్టుకుంటాం, లెక్క సరిపోతుంది అనిపించవచ్చు. సరిపోదు. గాలి లేకపోతే రెండూ కలిపి 12.3 గంటలు, ఉంటే 12.7. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టమే పైచేయి. 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 ఇదే దారిలో తూర్పుకు 5 గంటల లోపే చేరుకుంది. ఆ రోజు తుఫాను గాలి వెనక నుంచి తోసింది.

టికెట్‌పై కనిపించే సమయం కూడా గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగే దాకా లెక్క. రద్దీ విమానాశ్రయాల్లో రన్‌వే కోసం ఎదురుచూపులు కూడా అందులోకే వస్తాయి.

గాలి కంటే మొండిది సరిహద్దు. గాలి రేపు మారుతుంది, మూసుకున్న గగనతలం ఏళ్ల తరబడి తెరుచుకోకపోవచ్చు. ప్రభుత్వాల మధ్య తగువుకు అదనపు ఇంధనం, అదనపు గంటల రూపంలో మూల్యం చెల్లించేది ప్రయాణికుడే. ఈ విషయం గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. హెల్సింకి నుంచి టోక్యోకు ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ 1983లో తొలి నాన్‌స్టాప్ విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా నడిపింది. నేరుగా వెళ్లాలంటే దాటాల్సిన సోవియట్ గగనతలం అప్పుడు దానికి అందుబాటులో లేదు. ఆ తర్వాత దారి తెరుచుకుంది, ప్రయాణం 9.5 గంటలకు దిగింది. 2022లో రష్యా గగనతలం మూతపడగానే విమానం మళ్లీ ధ్రువం వైపు తిరిగింది, ప్రయాణ కాలం దాదాపు 13 గంటలైంది. దూరాల పట్టికలో మాత్రం ఆ రెండు నగరాల మధ్య అంకె అప్పుడూ ఇప్పుడూ సుమారు 7,800 కిలోమీటర్లే.