నవ్వని ముఖానికి హనుమకొండ నుండి ఒక విన్నపం

తాను నవ్వక ఎదుటివారిని నవ్వించే హాస్య విద్యయగు మహారాజశ్రీ కదలని ముఖము గారి దివ్య సముఖమునకు,

హనుమకొండ, సుబేదారి నుండి, మీ చిత్రం మూలంగా ఇంట్లో మాటలు కరువైన ఒక ప్రేక్షకుడు వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దలు నేర్పిన పద్ధతి. కానీ ఇక్కడ మా కుశలం అంతంత మాత్రంగానే ఉన్నది, మీ కుశలమా, అది మీ ముఖం చూసి తెలుసుకునే వీలు లేదు. అందుచేత ఆ మర్యాదను ఈసారికి పక్కన పెట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

పోయిన నెల రెండవ ఆదివారం నాడు మా ఇంటిల్లిపాదీ మీరు ప్రధాన పాత్ర వహించిన ఒక చిత్రానికి వెళ్ళాము. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మా నాయిన, ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఖరీదుదారైన మా బావ, మా అక్క, ఇంజనీరింగ్ మూడవ సంవత్సరంలో ఉన్న మా మేనల్లుడు, నేను. చిత్రం పేరు వ్రాసి మీకు ఉచిత ప్రచారం చేయదలుచుకోలేదు. పోస్టరు మీద మాత్రం హాస్య చిత్రమనే ఉన్నది. తెర మీద మా వైపు పల్లె, మా వైపు మాట. కథానాయకుడు బస్సులు ఆగే చోట, వేపచెట్టు కింద నిలబడి ఉంటాడు. ఒక పెద్దమనిషి వచ్చి "ఏం జేస్తున్నవ్ రా?" అని అడుగుతాడు. ఇతడు కాసేపు ఆయనను చూసి, కాసేపు రోడ్డును చూసి, "నిలవడ్డ" అంటాడు. అంతే. సంగీతం లేదు, ఇంకో మాట లేదు. పెద్దమనిషి తల ఊపి, తానూ అతని పక్కన నిలబడతాడు. ఒక బర్రె తెరకు ఎడమ నుండి బయలుదేరి, ఏ తొందరా లేకుండా కుడివైపుకు నడిచి, తోకతో సహా కనుమరుగయ్యే దాకా ఆ దృశ్యం అట్లాగే ఉంటుంది.

మా మేనల్లుడు కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. మా నాయిన వాడికేమైనా కడుపునొప్పి వచ్చిందా అన్నట్లు వంగి చూశారు. "టికెట్టు పైసల్ల సగం బర్రెకు ఇచ్చినట్టున్నరు" అని మా బావ అన్నారు. ఆ మాటకు మాత్రం ముందు వరుసలో నలుగురు నవ్వారు. అక్క విశ్రాంతి దాకా నిద్రపోయి, లేచి, చిత్రం బాగున్నదని తీర్పు చెప్పింది. తిరుగు ప్రయాణంలో నయీంనగర్ దాటకముందే ఆటోలో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఒకరి దృష్టిలో అది ఏళ్ళ తరబడి రాని గొప్ప చిత్రం, మరొకరి దృష్టిలో పట్టపగలు జరిగిన దోపిడి, మధ్యలో కూర్చునే స్థలం ఎవరికీ మిగలలేదు.

ఇంగ్లీషువారు మిమ్మల్ని డెడ్‌పాన్ అంటారు. పాన్ అంటే మా చౌరస్తా డబ్బాలో కట్టి ఇచ్చేది కాదు, అమెరికా వాడుక మాటలో ముఖమని అర్థం. అనగా మక్కికి మక్కిగా చచ్చిన ముఖం. ఈ సంగతి చెప్పినప్పుడు మా మేనత్త ఏమీ ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే "పీన్గు మొకం" అనే బిరుదును ఆమె మా మామయ్యకు నలభై ఏండ్ల కిందటే ఇచ్చి ఉన్నది.

మీ వంశంలో అందరికంటె పేరు గడించినవారు అమెరికా మూకీ చిత్రాల హాస్యనటులు బస్టర్ కీటన్ గారు. 1895లో పుట్టి, సరిగా ఊహ తెలియకముందే తల్లిదండ్రులతో కలిసి రంగస్థలం ఎక్కిన ఆ పిల్లవాడు, తాను నవ్వితే జనం నవ్వడం లేదని, తాను బిగదీసుకుని ఉంటేనే విరగబడుతున్నారని కనిపెట్టి, ఆ లెక్కను జీవితాంతం మరువలేదు. 1928 నాటి ఒక చిత్రంలో గాలివానకు ఇంటి ముందుగోడ మొత్తం ఆయన మీద కూలుతుంది. పై అంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలుచున్న చోటికి రావడం వల్ల బతికిపోతాడు. ఆ గోడ అట్టముక్క కాదు, నిజంగా బరువైన గోడ, అయినా ముఖంలో ఒక్క గీత కదలదు. ఇంతటి మనిషి 1926లో తీసిన 'ద జనరల్' విడుదలైనప్పుడు డబ్బులు రాలేదు, విమర్శకులు పెదవి విరిచారు, రెండేళ్ళు తిరగకముందే ఆయన తన ఇష్టప్రకారం చిత్రాలు తీసుకునే స్వేచ్ఛ పోగొట్టుకుని పెద్ద స్టూడియో కొలువులో చేరవలసి వచ్చింది. అదే చిత్రాన్ని 1989లో అమెరికా ప్రభుత్వం భద్రపరచదగిన చిత్రాల పట్టికలో మొట్టమొదటి 25లో ఒకటిగా చేర్చుకున్నారు. అధికారికంగా తేల్చుకోవడానికి ఆ దేశానికే 63 ఏండ్లు పట్టగా, మా బావకు మీరు ఇచ్చిన గడువు రెండుంబావు గంటలు.

నిజానికి మా బావకు మీరు కొత్తవారు కారు. మార్కెట్లో రైతు బస్తా మూతి విప్పగానే ఆయన పిడికెడు మిర్చి తీసి, ఒక కాయను చెవి దగ్గర విరిచి, గింజలు అరచేతిలో దులిపి, తొడిమ రంగు చూసి, ఏమీ అనకుండా పక్క కుప్పవైపు నడుస్తారు. సరుకు నచ్చిందని ముఖంలో తెలిస్తే క్వింటాలుకు ఐదు వందలు ఎక్కువ పోతుంది గనుక, ముప్పై ఏండ్లుగా ఆ ముఖం తెలియనివ్వలేదు. రైతుకు కూడా ఆ సంగతి తెలుసు గనుక ఆయన ముఖం చూడడు, ఏ కుప్ప దగ్గర ఆయన కాళ్ళు ఒక క్షణం ఎక్కువ ఆగాయో చూస్తాడు. ఇటువంటి మనిషి మీ చిత్రం చూసి బయటకు వచ్చి, "బామ్మర్దీ, ఆ పోరని మొకం జూస్తే ఏం తెల్వలేదు గదా" అని ఫిర్యాదు చేశారు. తన ముఖం ఎదుటివారికి తెలియకపోవడం వ్యాపారం, ఎదుటివారి ముఖం తనకు తెలియకపోవడం అన్యాయం అన్నమాట.

మీ మీద నా మొదటి ఆరోపణ ఇక్కడే మొదలవుతుంది. మా హాస్య చిత్రాలు మమ్మల్ని పసిపిల్లల వలె సాకాయి. హాస్యగాడు చెంపదెబ్బ తిన్న మరుక్షణమే టొయ్యిమని ఒక శబ్దం వస్తుంది, పక్కవాడు పళ్ళికిలిస్తాడు, కెమెరా ఒకరి ముఖం నుండి ఇంకొకరి ముఖానికి గంతులు వేస్తుంది. ఇక నవ్వండి అని ఇంతమంది ఆజ్ఞాపించిన తర్వాత నవ్వకపోవడానికి గుండె ధైర్యం కావాలి. మీరు ఆ శబ్దాన్ని తీసేశారు, పక్కవాడిని తీసేశారు, కెమెరాను మేకు కొట్టి నిలబెట్టారు. ఇంతవరకు చిత్రం మోసిన బాధ్యతను వంద రూపాయలు ఇచ్చి వచ్చిన మనిషి నెత్తిన పెట్టి, ఎక్కడ నవ్వాలో మీరే తేల్చుకోండి అని చేతులు దులుపుకున్నారు. ఆరు రోజులు గొడ్డు చాకిరి చేసి ఏడవ రోజు సినిమాకు వచ్చినవాడు ఆ పనికి కూలి అడిగితే తప్పేమిటి?

అట్లాగని మా ప్రాంతానికి ఈ విద్య రాదనుకుంటే పొరపాటు. పరకాల దగ్గరి మా అమ్మమ్మగారి ఊరికి నా చిన్నప్పుడు పిట్టల దొర వచ్చేవాడు. లత్కోరు సాబ్ అని కూడా అనేవారు. చినిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపి, భుజాన కట్టె తుపాకి. గచ్చు మీద నిలబడి, కలెక్టరు ఉత్తర్వు చదివే మనిషి వలె, "మీ ఊరి చెరువు నాకు నచ్చింది, దాన్ని మడతవెట్టి పెట్టెల వెట్టుకొని పోత, ఎండకాలం దెచ్చి మళ్ళ పరుస్త, అందాక ఎవలూ బర్లను కడుగద్దు" అని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిపి ప్రకటించేవాడు. ముఖంలో నవ్వు ఛాయ ఉండేది కాదు. ఊరంతా కిందామీదా పడి నవ్వేది. ఒక ముసలామె మాత్రం లేచి, "పెట్టె తడుస్తది గద బిడ్డా" అని అంతే గంభీరంగా అడిగింది. దొర టోపి తీసి ఆమెకు దండం పెట్టాడు. మీ విద్యలో అంతకు మించిన ఘట్టం నేను ఏ తెర మీదా చూడలేదు.

మరి ఆ ఊళ్ళో రెండు వర్గాలు ఎందుకు ఏర్పడలేదని చాలా రోజులు ఆలోచించాను. కట్టె తుపాకి వల్లనని నాకు తోచింది. దొర నోరు తెరవకముందే ఆ తుపాకి, ఇది ఆట అని ఊరంతటికీ చాటుతుంది, ఆ తర్వాత ముఖం ఎంత బిగదీసుకున్నా ఎవరికీ అనుమానం రాదు. మీ కథానాయకుడికి ఆ తుపాకి లేదు. మాసిన చొక్కా, ఒక సంచి, వేపచెట్టు. ఇతడు ఆట ఆడుతున్నాడా, లేక చిత్రం తీసినవారికి నిజంగానే ఏమీ చేతకాక బర్రెను నడిపించారా అన్నది ప్రతి ప్రేక్షకుడూ చీకట్లో, ఒంటరిగా, సాక్ష్యం లేకుండా తీర్పు చెప్పుకోవాలి. ఆట అని నమ్మినవాడికి బర్రె తోక కూడా నవ్వు తెప్పిస్తుంది. నమ్మనివాడికి ఒక్కొక్క నిమిషం బాకీ వసూలు వలె గడుస్తుంది.

ఇక భరతముని. నాట్యశాస్త్రంలో ఆయన హాసాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు తీర్లుగా చెప్పి, పళ్ళు కనిపించని చిరునవ్వైన స్మితాన్ని ఉత్తముల పాలు చేసి, కళ్ళ నీళ్ళు తిరిగే చివరి రెండింటిని అధములకు వదిలాడు. మీరు కోరేది ఎక్కువగా స్మితాన్నే. శాస్త్రం ప్రకారం అది గొప్పదే కావచ్చు గానీ, చీకటి హాలులో స్మితం కనబడదు, వినబడదు. రెండు వందల మంది ఏకకాలంలో చిరునవ్వు నవ్వినా ఆ హాలు శ్రాద్ధ భోజనాల పంక్తి వలెనే ఉంటుంది. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటె నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ చెప్పాడు. నవ్వు శబ్దంగా పాకుతుంది. మీరు శబ్దమే లేకుండా చేయడం వల్ల, లోలోపల నవ్వుకుంటున్న ప్రతివాడూ తానొక్కడే పిచ్చివాడినని అనుకుంటాడు. ఎవడైనా మా మేనల్లుడి వలె పైకి నవ్వితే, మిగిలినవారికి ఆ నవ్వు అంటుకోదు సరిగదా, వీడికి అర్థమైనది మనకు కాలేదా అని ఒళ్ళు మండుతుంది. అర్థం కాని చిత్రాన్ని జనం క్షమిస్తారు గానీ, అర్థమైందని పక్క సీట్లో నవ్వేవాడిని క్షమించరు.

మా ఇంటి గొడవను అమెరికా లెక్కల పండితులు కూడా తీర్చలేకపోయారని తెలిసి కొంత ఊరట పొందాను. 2006లో, ఇంకా తపాలాలో డీవీడీలు పంపుతున్న నెట్‌ఫ్లిక్స్ సంస్థ, ఏ చందాదారుడికి ఏ చిత్రం ఎంత నచ్చుతుందో తమకంటె 10 శాతం మెరుగ్గా చెప్పినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని పోటీ పెట్టింది. 2009లో ఆ బహుమతి ఇచ్చేలోగా పోటీదారులను అన్నింటికంటె ఏడిపించిన చిత్రం మీ కుటుంబానిదే. నాలుగు లక్షల డాలర్లతో తీసి, నాలుగు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన 2004 నాటి 'నెపోలియన్ డైనమైట్'. ఒక పోటీదారు లెక్కలో మిగిలిపోయిన తప్పులో 15 శాతం ఆ ఒక్క చిత్రం వల్లనేనట. ఒక మనిషి ఇంతకుముందు ఏమేమి మెచ్చాడో అంతా తెలిసినా, ఈ ఒక్కదానికి ఐదు నక్షత్రాలు ఇస్తాడో ఒకటి ఇస్తాడో చెప్పడం కుదరలేదు, మధ్యలో మూడు ఇచ్చేవారు తక్కువ. మా ఆటోలో కూడా మూడు లేదు.

ఇంతవరకు వ్రాసినది వినోదం. ఇక అసలు ఫిర్యాదు మా నాయినది, ఆయన నోటితో చెప్పరు గనుక నేను వ్రాస్తున్నాను. దశాబ్దాల పాటు తెలుగు తెర మీద మా మాట రౌడీ నోటనో, నవ్వులపాలయ్యే పనివాడి నోటనో వినబడింది. మా నాయిన కొత్తగా కొలువులో చేరిన రోజులలో, దూరపు ఊరిలో జరిగిన ఒక శిక్షణ తరగతిలో లేచి భిన్నాల పాఠం ఎట్లా చెప్పాలో వివరిస్తుంటే వెనుక వరుసలన్నీ నవ్వాయట. ఆయన చెప్పినదాంట్లో హాస్యం ఏమీ లేదు, "గట్ల గాదు, గిట్ల జెయ్యాలె" అన్నారు, అంతే. ఆ నవ్వు విన్న మనిషి మీ ముందు కూర్చుని "నిలవడ్డ" అనే మాట విన్నప్పుడు ఆయనకు వచ్చే ప్రశ్న ఒక్కటే. ఇది నవ్వు తెప్పించేది జవాబులోని చమత్కారం వల్లనా, లేక "నిలబడి ఉన్నాను" అనకుండా "నిలవడ్డ" అన్నందుకా? మీ ముఖం దీనికి జవాబు చెప్పదు. అతనితో కలిసి నవ్వమంటున్నారో, అతన్ని చూసి నవ్వమంటున్నారో చెప్పకుండా నిలబడడమే మీ కళ అని మా మేనల్లుడు వాదించాడు. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చేనాటికి వాడికి తొమ్మిదేండ్లు. వాడు చూస్తుండగానే మా మాట కథానాయకుల నోటికి వచ్చింది గనుక, తెర మీద దాన్ని వింటే వాడికి తన మామలు, బాబాయిలు గుర్తుకు వస్తారు. మా నాయినకు ఆ వెనుక వరుసలు గుర్తుకు వస్తాయి. ఇద్దరూ ఒకే మాట విన్నారు, ఇద్దరి పక్కనా నేనే కూర్చున్నాను, ఏ ఒక్కరితోనూ నీది తప్పని అనలేకపోయాను.

కనుక మీరు నవ్వాలని నేను కోరడం లేదు. నవ్వితే మీకు మిగిలేది ఏమీ లేదని కీటన్ గారి సంగతి వల్ల గ్రహించాను. కనీసం చిత్రం మొదటి పది నిమిషాలలో ఏదో ఒక మూల చిన్న కట్టె తుపాకి కనిపించేటట్లు చూడండి అని మాత్రం ప్రార్థన. ఎవరి మీద గురిపెట్టారో తెలిస్తే చాలు, పేల్చనవసరం లేదు.

ఈ లేఖ నిన్ననే ముగించవలసినది. సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే బయటకు వచ్చాను. మా నాయిన గేటు దగ్గర, వీధివైపు చూస్తూ, చేతులు వెనక్కు కట్టుకుని ఉన్నారు. ఆ చిత్రం చూసినప్పటి నుండి మా మధ్య అవసరానికి మించిన మాటలు లేవు.

"ఏం జేస్తున్నవ్ నాయినా?" అని అడిగాను.

ఆయన కాసేపు నన్ను చూశారు, కాసేపు రోడ్డును చూశారు.

"నిలవడ్డ" అన్నారు.

సెల్‌ఫోను లైటు వేసి మరీ ఆయన ముఖం చూశాను. ఏమీ తెలియలేదు. పోయి పక్కన నిలబడ్డాను.

ఇట్లు,
తమ విధేయ ప్రేక్షకుడు,
సుబేదారి, హనుమకొండ.