ప్రీఫెచ్ ఖాళీ చేస్తే కంప్యూటర్ వేగంగా లేవదు

కంప్యూటర్ ఆన్ అవ్వడానికి పది నిమిషాలు పడుతోందా, అయితే ఈ ఐదు పనులు చేయండి అంటూ ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతోంది. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేయాలట. విండోస్ ఎలా లేవాలో మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెంచాలట. రిజిస్ట్రీ క్లీనర్ నడపాలి, డిస్క్‌ను డీఫ్రాగ్ చేయాలి, అప్పటికీ మారకపోతే ఫార్మాట్ కొట్టాలి. పంపేవాళ్లు మంచికే పంపుతున్నారు, అందులో సందేహం లేదు. కానీ ఈ ఐదింటిలో సగం నిజమున్నది ఒక్కటే. చివరిదైతే కొంప ముంచుతుంది.

ప్రీఫెచ్ సంగతి ముందు. అది చెత్తబుట్ట కాదు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన ఏర్పాటు. కంప్యూటర్ లేచేటప్పుడు, ప్రోగ్రామ్‌లు తెరుచుకునేటప్పుడు ఏయే ఫైళ్లు కావలసి వస్తున్నాయో విండోస్ గమనించి అక్కడ రాసి పెట్టుకుంటుంది. మరోసారి వాటిని అడగకముందే డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది. ఆ ఫోల్డర్ ఖాళీ చేశారంటే ఆ లెక్కంతా మొదటి నుంచి రాసుకోవాలి, అందాకా ఇంకా నెమ్మదే. పాతబడిన వాటిని విండోస్ తనంతట తానే తీసేస్తుంది, మన చెయ్యి అక్కర్లేదు.

ఎంఎస్‌కాన్ఫిగ్ చిట్కా వట్టి అపోహ. ఏమీ మార్చకపోయినా ప్రాసెసర్‌లో పని చేసే భాగాలను, అంటే ఉన్న కోర్లన్నింటినీ, విండోస్ వాడుకుంటుంది. ఆ గడి ఉన్నది కోర్లు తగ్గించి పరీక్షించుకునే వాళ్ల కోసం. పక్కనే గరిష్ఠ మెమరీ అని ఇంకో గడి ఉంటుంది. పొరపాటున అందులో చిన్న అంకె పడితే, ఉన్న ర్యామ్‌లో అంతవరకే వాడుకుంటుంది. ఇప్పటికే టిక్ పెట్టి ఉంటే రెండూ తీసేయండి.

రిజిస్ట్రీ అంటే విండోస్, ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగులు దాచుకునే చోటు, అందులో లక్షల ఎంట్రీలుంటాయి. పనికిరానివి కొన్ని వందలు తీసేసినంత మాత్రాన స్టార్ట్ అయ్యే టైమ్‌లో తేడా కనిపించదు. కావలసినది పోతే మాత్రం విండోసే లేవకపోవచ్చు. ఇలాంటి క్లీనర్లను తాము సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. పైగా వీటిలో కొన్ని తామే స్టార్టప్‌లో, అంటే కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రామ్‌ల జాబితాలో, చేరి కూర్చుంటాయి.

సగం నిజమున్నది డీఫ్రాగ్, అంటే డిస్క్ మీద చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చడం. హార్డ్ డిస్క్‌కు అది పనికొస్తుంది, కానీ విండోస్ దాన్ని షెడ్యూల్ పెట్టుకుని తానే చేసుకుంటుంది. చిప్‌ల మీద డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి మామూలు డీఫ్రాగ్‌తో ఒరిగేది లేదు, ఊరికే రాతలు పెరిగి దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది. ఆ పని విండోస్‌లో ఉన్న ఆప్టిమైజ్‌కే వదిలేయండి, ఏ డిస్క్‌కు ఏం చేయాలో దానికి తెలుసు.

మరి అసలు ఆలస్యం ఎక్కడ? మెసేజ్ ఎత్తని ప్రశ్న ఇదే. నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. పళ్లెం మీద డేటా చదివే ముల్లు కదిలి, కావలసిన చోటు దాని కిందికి వచ్చేసరికి ఒక్కో చిన్న ముక్కకు సుమారు 15 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు అరవై డెబ్బై ముక్కలు. విండోస్ లేవడానికి అలాంటి ముక్కలు వేలల్లో కావాలి, ఆ పైన స్టార్టప్‌లో ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ అదే ముల్లు కోసం కొట్టుకుంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. ఒక్కో ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు చాలు. అందుకే పాత మెషీన్‌కు ఏ చిట్కా ఇవ్వని తేడా ఎస్‌ఎస్‌డీ ఇస్తుంది.

ఖర్చు పెట్టే ముందు చూసుకోవలసినవి ఉన్నాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ ట్యాబ్‌లో ఇంపాక్ట్ దగ్గర హై అని ఉన్నవాటిలో రోజూ అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. యాంటీవైరస్ జోలికి వెళ్లొద్దు, కానీ రెండు ఉంటే ఒకటి తీసేయండి. అదే ట్యాబ్‌లో పైన లాస్ట్ బయోస్ టైమ్ (విండోస్ మొదలయ్యే ముందు మెషీన్ సిద్ధమవ్వడానికి పట్టిన సమయం) కనిపిస్తే చూడండి. అది ముప్పై సెకన్లు దాటితే ఆలస్యం విండోస్ కంటే ముందే జరుగుతోందన్నమాట. పెన్‌డ్రైవ్‌లు, బయటి డిస్క్‌లు పీకేసి మళ్లీ ఆన్ చేసి చూడాలి. ఇంకో మాట: విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది కాబట్టి షట్‌డౌన్ కొడితే విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ పూర్తిగా ఆగదు, దాని స్థితి డిస్క్ మీద దాచి ఉంటుంది. పూర్తిగా ఆగి కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి. ఒక్క రీస్టార్ట్‌తో బాగుపడిన సిస్టమ్‌లు నేనే చాలా చూశాను.

ఇక ఫార్మాట్. మా పిన్ని ఆ మెసేజ్‌లోని నాలుగు పనులూ చేసి, ఐదోదాని ముందు ఆగి నాకు ఫోన్ చేసింది. "ఫార్మాట్ కొట్టేయమంటావా నాన్నా?" అంది. ఏదీ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాను. సీపీయూ డబ్బా మీద డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతోంది. చెవి ఆనిస్తే లోపల టిక్‌మని ఒక చప్పుడు, కాసేపు ఆగి మళ్లీ టిక్. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే పసుపు రంగులో కాషన్ అని ఉంది. కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే వరసలో సున్నా ఉండాల్సిన చోట సున్నా లేదు. డిస్క్ మీద కొన్ని చోట్లు చదవడానికి రావడం లేదు, అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది, అంతసేపూ విండోస్ ఎదురుచూస్తోంది. అది కంప్యూటర్ నెమ్మదించడం కాదు, డిస్క్ చావుబతుకుల్లో ఉండడం. పన్నెండేళ్ల ఫొటోలకు వేరే కాపీ లేదు. ఆ డిస్క్‌నే ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించి ఉంటే కొత్త ఫైళ్లు ఆ ఫొటోల మీదే పడేవి.

వెంటనే ఆపేసి, డిస్క్ ఊడదీసి, ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ముందు ఫొటోలే కాపీ పెట్టాను. తెల్లారేదాకా పట్టింది. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ వేశాక పిన్ని కంప్యూటర్ ఇరవై సెకన్లలో లేస్తోంది. రెండు ఫోల్డర్లు మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. వాటిలో ఒకటి తాతయ్య షష్టిపూర్తి ఫొటోలు.