సవరణ: ఐరోపా చేపల కోటాల గురించి

ఐరోపా సమాఖ్య దేశాల మంత్రులు ఏటా డిసెంబరులో బ్రస్సెల్స్‌లో సమావేశమై, ఏ దేశానికి ఎంత వాటా దక్కాలో కొత్తగా బేరమాడుకుంటారని కిందటి వ్యాసంలో రాశాను. అది తప్పు. పాఠకులు మన్నించాలి.

తెల్లవారేదాకా సాగే ఆ చర్చల్లో తేలేది ప్రధానంగా ఒక్కో జాతి చేపను మొత్తం ఎన్ని టన్నులు పట్టవచ్చన్న పరిమితి మాత్రమే. దేశాల వాటాల నిష్పత్తి, 'సాపేక్ష స్థిరత్వం' అనే సూత్రం ప్రకారం, 1983లోనే చాలావరకు ఖరారైంది. ఉదాహరణకు, పది శాతం వాటా ఉన్న దేశానికి మొత్తం వెయ్యి టన్నులైతే వంద టన్నులు వస్తాయి. శాస్త్రవేత్తల సలహాతో మొత్తాన్ని ఎనిమిది వందలకు తగ్గిస్తే ఎనభై టన్నులే మిగులుతాయి. అందుకే తమ మత్స్యకారుల బతుకుతెరువు కోసం మంత్రులు వాటాపై కాక మొత్తంపైనే అంతగా పట్టుబడతారు.

ఈ పరిమితులను ఐరోపా పార్లమెంటు ఆమోదించాలన్న మాట కూడా సరికాదు. సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ ప్రతిపాదిస్తుంది, మంత్రుల మండలి నిర్ణయిస్తుంది. సమాఖ్య ఉమ్మడి చేపల వేట విధానానికి పునాది అయిన 2013 నాటి మూల నిబంధన వంటి చట్టాల్లో మాత్రం పార్లమెంటుకు మండలితో సమానమైన పాత్ర ఉంది. బ్రిటన్ వైదొలిగాక, దానితో పంచుకునే చేపల పరిమితులను విడిగా చర్చించుకుంటున్నారు.