గురక ఒకరిది, జాగారం ఇంకొకరిది

రాత్రి రెండింటికి మా పిన్ని లేచి బాబాయి ఛాతీ మీద చేయి పెట్టి చూసేది. గురక భరించలేక కాదు, గురక ఆగిపోయిందని. పది అంకెలు లెక్కపెట్టినా, పదిహేను పెట్టినా ఊపిరి చప్పుడు ఉండదు. నీళ్లలో మునిగి తేలినవాడిలా ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి మళ్లీ మొదలెట్టేవాడు. "ఏమండీ, కాస్త ఒత్తిగిలి పడుకోండి" అని ఆమె భుజం తట్టేది. ఆయన అటు తిరిగి ఐదు నిమిషాల్లో నిద్రలోకి జారుకునేవాడు. ఆమె మాత్రం పాల ప్యాకెట్ వచ్చేదాకా దొర్లుతూ ఉండేది, లేచి క్యారేజీలు కట్టేది. ఆమె బీపీ మాత్ర డోసు రెండుసార్లు పెంచారు. టెన్షన్ తగ్గించుకోమన్నారు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా, పక్కన ఎవరు పడుకుంటారు అని ఏ డాక్టరూ అడగలేదు.

స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా ఒకసారి కింద లెక్క. గంటకి 30 సార్లు దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. అలా ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. చాలాసార్లు పొద్దున్న ఆయనకి అదేమీ గుర్తుండదు, పక్కన ఉన్న మనిషికి అన్నీ గుర్తుంటాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉందని అంచనా. పక్కన మేలుకుని ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు.

అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 10 జంటలను పడుకోబెట్టి ఇద్దరి నిద్రనూ ఒకే రాత్రి కొలిచి, ఫలితాలను 1999లో ప్రచురించారు. గురక పెట్టే మనిషికి సీప్యాప్ మిషన్ (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) పెట్టకముందు, పక్కనున్నవారి నిద్ర గంటకి 21 సార్లు చెదిరింది. పెట్టాక 12కి తగ్గింది. మంచం మీద గడిపిన సమయంలో నిజంగా నిద్రపోయింది 74 శాతం నుంచి 87 శాతానికి చేరింది. ఎనిమిది గంటలు పడుకుంటే గంటకి పైగా అదనపు నిద్ర! పది జంటలే కదా అనొచ్చు. కానీ వైద్యం ఒకరికి చేస్తే ఆ గంట నిద్ర దొరికింది ఇంకొకరికి. ఏళ్ల తరబడి నిద్ర చాలకపోతే బీపీ, షుగరు, దిగులు ముప్పు పెరుగుతుందని తెలిసిందే. అలాంటప్పుడు భార్య బీపీకి కారణం భర్త గొంతులో ఉందేమో కూడా చూడాలి కదా.

వేరే గదిలో పడుకోవచ్చుగా అంటారు. రెండో గది ఎన్ని ఇళ్లలో ఉంది? ఉన్నా, "వాళ్లిద్దరికీ పడట్లేదట" అనే మాటకి భయం. పైగా, ఊపిరి ఆగే మనిషిని ఒంటరిగా వదిలి ఆమె నిద్రపోగలదా?

మిషన్‌కి వేలకు వేలు అవుతాయి. "నేను బాగానే నిద్రపోతున్నా, అంత డబ్బెందుకు" అని ఆయన అంటాడు. ఇద్దరి నిద్రకి అయ్యే ఖర్చని ఆ ఇంట్లో ఎవరో ఒకరు అనాలి. డాక్టరే అంటే మరీ మంచిది.

జబ్బు ఆడవాళ్లకీ వస్తుంది, నెలసరి ఆగాక ఇంకా ఎక్కువ. గురక సంగతి చెప్పుకోవడానికి వాళ్లకి సిగ్గు. భర్త గాఢనిద్రలో ఉంటే చెప్పేవాళ్లూ ఉండరు. డాక్టర్లు అప్పుడు అదే గదిలో పడుకునే పిల్లలనో, అత్తగారినో అడగాలి.