సవరణ: జోలాపుట్టు నీళ్లు నాగావళివి కావు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా నీటివనరుల మీద పెట్టిన పోస్టులో జోలాపుట్టును సహజ మంచినీటి సరస్సు అనీ, దాని నీళ్లు నాగావళిలో పడతాయనీ రాశాను. రెండూ తప్పే, పొరపాటు నాది. సర్వే పటం ప్రకారం అది మాచ్‌ఖండ్ నదికి ఆనకట్ట కడితే నిండిన లోయ. సహజ సరస్సు కాదనడానికి ఆనవాలు చూడండి: వేసవిలో నీళ్లు దిగితే చెట్ల వరుస కింద ఒడ్డు పొడవునా బోడి మట్టి చార తేలుతుంది, పటంలో నీళ్లు పక్కవాగుల్లోకి వేళ్లలా చొచ్చుకుపోయి కనిపిస్తాయి.

మాడుగుల కొండల్లో పుట్టిన ఈ నది ఉత్తరంగా పారి, డుడుమ జలపాతం దగ్గర 150 మీటర్లకు పైగా దూకి, నైరుతికి మళ్లుతుంది. దిగువన పేరు సీలేరు. పేరు మారడం వల్లే చాలామంది రెండు నదులనుకుంటారు. మోటు దగ్గర శబరిలోనూ, ఆ శబరి కూనవరం దగ్గర గోదావరిలోనూ కలుస్తాయి. నాగావళిది రాయగడ వైపు వేరే వాలు.