రిసెప్షన్ సీటు నుంచి పైకి దారి ఉందా?

రిసెప్షనిస్టు కావాలన్న ప్రకటనల్లో సాధారణంగా రెండే అర్హతలు కనిపిస్తాయి: చూడచక్కగా ఉండాలి, చక్కగా మాట్లాడాలి. ఆ సీట్లో ఒక్క పూట కూర్చుంటే అసలు పని ఏమిటో తెలుస్తుంది.

ఒక లైన్లో కస్టమర్ కేకలేస్తుంటాడు, ఇంకో లైన్ మోగుతుంటుంది. అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చినాయన "మీ ఎండీ నాకు బాగా తెలుసమ్మా" అంటాడు. ఆ ఎండీగారేమో "నేను లేనని చెప్పు" అని అప్పటికే చెప్పి ఉంటారు. ఎవరిని ఆపాలో, ఎవరిని లోపలికి పంపాలో అర నిమిషంలో తేల్చాలి. ఆస్పత్రి కౌంటర్లో అయితే, ఛాతీ పట్టుకుని కూర్చున్న మనిషిని టోకెన్ వచ్చేదాకా ఆగమనకూడదు. ఇంత చేసినా టెన్షన్ మొహంలో కనపడనివ్వకూడదు. ఉద్యోగం కోసం మనసును ఇలా అదుపులో పెట్టుకోవడానికి సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే 'ఎమోషనల్ లేబర్' అని పేరు పెట్టారు. జీతం లెక్కల్లోకి మాత్రం ఆ శ్రమ ఇప్పటికీ సరిగ్గా ఎక్కలేదు.

యంత్రాలొస్తే ఈ ఉద్యోగం ఉంటుందా అన్నది చాలామంది భయం. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బోర్న్ 702 వృత్తులను లెక్కగట్టి, ఈ పని యాంత్రీకరణకు లోనయ్యే అవకాశం 96 శాతమని తేల్చారు. 2015లో జపాన్‌లో హెన్నా హోటల్ కౌంటర్లో డైనోసార్ రోబోలనే నిలబెట్టారు. పాస్‌పోర్టులు ఫొటోకాపీ తీయడానికి మళ్లీ మనుషులే రావాల్సి వచ్చింది. 2019 నాటికి ఆ హోటల్ తన రోబోల్లో సగానికి పైగా తీసేసింది. అలాగని ధీమాగా ఉండలేం. పేరు రాసుకోవడం, కాల్ కలపడం లాంటి పనులు ఇప్పటికే కియోస్కులకూ యాప్‌లకూ పోతున్నాయి. కౌంటర్లో మిగిలేది చిక్కుముడి కేసులే. అంటే పని కష్టమవుతుంది, కుర్చీలు తగ్గుతాయి.

నా దృష్టిలో ఈ ఉద్యోగానికి అసలు లోటు పైకెక్కే మెట్లు లేకపోవడం. హోటళ్లలో అవి ఉన్నాయి: ఫ్రంట్ ఆఫీస్ అసోసియేట్, డ్యూటీ మేనేజర్, ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్. చిన్న క్లినిక్‌లోనో పదిమంది ఉండే ఆఫీసులోనో ఉండేది ఒకే కుర్చీ. పదేళ్లు చేసినా హోదా మారదు. అక్కడ ఎదగాలంటే పక్కకు జరగాలి. బిల్లింగ్, అడ్మిన్, హెచ్‌ఆర్ పనుల్లో ఏదో ఒకటి కౌంటర్లో ఉండగానే చేతికి అలవాటు చేసుకోవాలి. "కాల్స్ చూశాను" అని రెజ్యూమెలో రాస్తే ఎవరూ పట్టించుకోరు. రోజుకు ఎంతమందిని చూశారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, ఎన్ని డాక్టర్ల షెడ్యూళ్లు నడిపారు అన్నది రాస్తే చదువుతారు.

చేరే ముందు ఇంటర్వ్యూలో ఒక్క మాట అడగండి: "ఈ సీట్లో నాకంటే ముందు చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?" పై అంతస్తులో ఉన్నారంటే చేరొచ్చు. నీళ్లు నమిలారంటే, జీతం ఇంకాస్త గట్టిగా అడగండి.