నెమలి బాగానే ఉంది, నా ఎక్సెల్ షీటేదీ?

ల్యాప్‌టాప్‌కి తగిలించుకోవడానికి టీవీ కావాలని అడగడం ఈ దేశంలో ఇంకా నేరం కాలేదు. అయినా షోరూములో అడిగి చూడండి. సేల్స్ కుర్రాడు ఎగాదిగా చూసి, "స్మార్ట్ టీవీ ఉండగా ల్యాప్‌టాప్ ఎందుకు సార్?" అంటాడు. వెనకాల గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ ఒకటే నెమలి పురి విప్పుతుంటుంది. ఆ రంగులు అడవిలో నెమలికి కూడా తెలీవు. తర్వాత తేనె కారుతుంది. తర్వాత దానిమ్మ గింజలు. మనమంతా రాత్రి భోజనాలయ్యాక దానిమ్మ గింజలు చూస్తూ కూర్చుంటామని కంపెనీల నమ్మకం కాబోలు.

నేను అడిగింది ఒక్క ముక్క. ల్యాప్‌టాప్ బొమ్మని టీవీకి చేర్చే కేబులు దూర్చే రంధ్రం, అదే హెచ్‌డీఎంఐ, ఏ రకం? పాత 1.4 అయితే 4కె అనే అతి స్పష్టమైన బొమ్మ సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుంది, మౌస్ బాణం ఆయాసపడుతూ వస్తుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి. అది వచ్చింది నిన్నా మొన్నా కాదు, 2013లో. కుర్రాడు భరోసా ఇచ్చాడు: "అన్నీ వస్తాయి సార్, నెట్‌ఫ్లిక్స్ కూడా."

సంచీలోంచి ల్యాప్‌టాప్ తీశాను. షోరూములో కలకలం. మేనేజర్ గారొచ్చారు. టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రం చూసి "ఇందులో పెడదాం" అన్నారు. అది పెన్‌డ్రైవ్ కోసమండీ అంటే నొచ్చుకున్నారు. హెచ్‌డీఎంఐ కేబులు కావాలన్నాను. ఇన్ని టీవీలమ్మే కొట్లో కేబులు లేదు. "యాక్సెసరీస్ సెక్షన్లో ఉంది సార్, బిల్లు చేయించాలి." చివరికి ఏ సెట్‌టాప్ బాక్సు నుంచో ఒకటి పీక్కొచ్చి, నెమలిని ఆపి, నా ఎక్సెల్ షీటు తెరిచారు. ఎ కాలమ్ లేదు! కింద టాస్క్‌బార్ లేదు, స్టార్ట్ బటన్ లేదు, రీసైకిల్ బిన్ సగానికి తెగింది. మేనేజర్ తీర్పు చెప్పేశారు: "మీ ల్యాప్‌టాప్ ప్రాబ్లం సార్."

కాదు. దాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. డబ్బా టీవీల కాలంలో తెర అంచుల్లో బొమ్మ సరిగ్గా కుదిరేది కాదు కాబట్టి కాస్త సాగదీసి చుట్టూ కత్తిరించేవారు. ఆ టీవీలు పాతసామాన్ల బండెక్కి ఏళ్ళయింది, కత్తెర మాత్రం పోలేదు. ఆపే మీటకి ఒక కంపెనీ 'జస్ట్ స్కాన్' అని, ఇంకొకటి 'ఫిట్ టు స్క్రీన్' అని గుప్తనామాలు పెట్టుకున్నాయి. నీలం గడిలో ఎర్ర అక్షరాలు అలుక్కుపోతే ఇన్‌పుట్ పేరు 'పీసీ' అని మార్చాలి, చాలా టీవీల్లో సర్దుకుంటుంది. మార్చి చూపించాను. "సార్ ఇంజినీరా?" అన్నాడు కుర్రాడు. ఎ కాలమ్ చూడాలనుకున్న మామూలు మనిషినయ్యా!

32 అంగుళాల 'హెచ్‌డీ రెడీ' దగ్గర ఆగకండి, తెర మీద చుక్కలు (పిక్సెళ్ళు) 1366×768 మాత్రమే. అలాగని టేబులు మీద రెండడుగుల దూరంలో పెట్టుకునేవాడికి 65 అంగుళాలు అంటగట్టినా లొంగకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఆ తగ్గింపంతా మన మెడకే చుట్టాలని వాళ్ళ తాపత్రయం.

ఇంతవరకూ నవ్వొచ్చింది. ఇక రాదు. తెర మీద ఏముందో టీవీయే కనిపెట్టి కంపెనీకి చేరవేసే ఏర్పాటొకటుంది, ఏసీఆర్. 2017లో అమెరికాలో విజియో అనే టీవీల కంపెనీ దీని పుణ్యమా అని 22 లక్షల డాలర్లు కట్టింది. సరే, పాత పాపం అనుకుందాం. 2024లో పరిశోధకులు శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలు పరీక్షిస్తే, హెచ్‌డీఎంఐలో ల్యాప్‌టాప్ పెట్టి ఉత్త తెరలా వాడినా ఆ పని సాగుతూనే ఉందని తేలింది. డబ్బు నాది, గోడ నాది, కరెంటు బిల్లు నాది. నా ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే బొమ్మలోకి తొంగి చూడమని నిన్నెవడు పిలిచాడు? సెట్టింగుల్లో ఆపితే ఆగుతుందట. శామ్‌సంగ్‌లో ఆ మీటకి 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్' అని మర్యాదస్తుడి పేరు. 'ఒప్పుకుంటున్నాను' బటనేమో అరచేయంత ఉంటుంది. సిగ్గులేదూ!

బిగించడానికొచ్చే టెక్నీషియన్ నోరు తెరవగానే వైఫై పాస్‌వర్డ్ అడుగుతాడు. చెప్పకండి. "అప్‌డేట్లు రావు సార్" అని భయపెడతాడు. హోమ్ స్క్రీన్ మీద యాడ్లు కూడా రావు మరి!